రెండు కోట్ల డిస్టెంపర్

పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకు, నేను మా హాలు గోడను నాకాను.

ఎక్కువ కాదు. స్విచ్చుబోర్డుకు దిగువన, సోఫా పక్కన, మోకాళ్ల మీద కూర్చుంటే నోటికి అందే ఎత్తులో ఒక జానెడు మేర. రుచి అడిగితే చెప్పగలను. మొదట చాక్‌పీసు, తర్వాత కొంచెం చేదు, చివర్లో తడిసిన గోనెసంచి. ఇరవై ఆరేళ్లుగా తెనాలిలో సాంఘిక శాస్త్రం చెబుతున్నవాణ్ణి కనుక చాక్‌పీసు విషయంలో నేను పొరబడే అవకాశం లేదు. రెండోసారి నాలుక ఆనించింది నిర్ధారణ కోసం మాత్రమే.

ఆ రెండోసారి దగ్గరే వీధి గుమ్మంలో ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే తెల్లచీరలో, ఒక చేతిలో బైబిలు సంచి, భుజానికి మందుల సంచితో ఫ్లోరెన్స్ గారు నిలబడి ఉన్నారు. చెప్పులు విడవలేదు, లోపలికీ రాలేదు.

"ఉప్పు సరిపోయిందా సార్?" అని అడిగారు.

ఫ్లోరెన్స్ గారు పశువుల ఆసుపత్రిలో అటెండరు. ఆమె గురించి రాయాలంటే నాకంటే బాగా తెలిసినవాళ్లు భట్టిప్రోలు నుంచి బాపట్ల దాకా చాలామంది ఉన్నారు. గోడ నాకుతూ ఆమెకు దొరికినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

సంగతి మొదటినుంచీ చెబుతాను. మా అమ్మాయి హాసిని గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు స్నేహితురాలి ఇంటినుంచి ఒక కుక్కపిల్లను తెచ్చింది. నాటుదే. గోధుమరంగు, నుదుటి మీద చిన్న నొక్కు. చూడగానే మిఠాయి కొట్టు గుర్తొచ్చి బాదుషా అని పేరు పెట్టింది. సెలవులు అయిపోయాయి, అమ్మాయి వెళ్లిపోయింది, బాదుషా ఉండిపోయాడు. "కుక్క నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు" అన్న మా ఆవిడ భువనేశ్వరి, నెల తిరిగేసరికి కూర తరుగుతూ వాడితో ధరవరలు మాట్లాడటం మొదలుపెట్టింది. నేను బడికి పోతే ఇంట్లో ఆమె మాటకు ఊకొట్టేది వాడొక్కడే. కనుక వాడికి ఏమైనా అయితే నష్టం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

డిసెంబరులో మా వీధి చివర కుక్కలకు టీకాల శిబిరం పెట్టారు. అక్కడే ఫ్లోరెన్స్ గారి పరిచయం. బాదుషాను చంకలో ఇరికించుకుని, వాడికి తెలిసేలోగా ఇంజెక్షను అయిపోయేట్టు చేశారు. "ఇది పిచ్చి రాకుండా సార్. ఇంకో వ్యాక్సినుంది, అది ఆసుపత్రిలోగానీ మందుల షాపులోగానీ దొరుకుద్ది, మర్చిపోకండి" అని ఒక చీటీ మీద తన నంబరు రాసి ఇచ్చారు. నేను మర్చిపోలేదు. రేపు అనుకున్నాను. డిసెంబరు, జనవరి అలా రేపులతో గడిచిపోయాయి.

ఈలోగా ఇంటికి రంగులు వేయించాం. వానలకు గోడలు పొరలు పొరలుగా లేచిపోయాయి. కొండయ్య అని నమ్మకమైన పెయింటరు ఉన్నాడు, అతను వచ్చి హాలుకూ వరండాకూ లేత పసుపు డిస్టెంపర్ వేసి వెళ్లాడు. పదిహేను రోజులకు, ఒక శనివారం, బాదుషా కళ్లకు పుసులు కట్టాయి. తుడిస్తే మళ్లీ కట్టాయి. ముక్కులోంచి చిక్కటి చీమిడి. అన్నం వైపు చూసి తల తిప్పుకున్నాడు. సాయంత్రం ఫ్లోరెన్స్ గారికి ఫోన్ చేశాను. ప్రతి శనివారం ఆమె రేపల్లె పాసింజరెక్కి భట్టిప్రోలులో ఉన్న తల్లి విజయమ్మ గారి దగ్గరికి వెళతారు. రైల్లోనే ఉన్నారు.

"కళ్లు అంటుకుపోతున్నాయండి, ముక్కు కారుతోంది, ఏమీ తినట్లేదు" అన్నాను.

"డిస్టెంపరేమో సార్. వేయించారా?"

"వేయించామండి."

"ఎప్పుడు?"

"పదిహేను రోజులైంది."

"ఎన్నిసార్లు?"

"రెండు కోట్లు."

రైలు ఏదో కాలవ వంతెన మీదకు వచ్చింది కాబోలు, ధడధడమంది. "రెండా? రెండు పడితే రాకూడదే" అని ఆమె తనలో తాను అనుకోవడం వినిపించింది. "ఎందుకైనా మంచిది, రేపు చర్చి అవగానే వచ్చి చూస్తా. ఈలోగా వేరే కుక్కల్ని దగ్గరికి రానీయకండి. వాణ్ణీ బయటికి వదలకండి."

నేను ఫోన్ పెట్టేసి గోడవైపు చూశాను. అంతా అర్థమైపోయింది. వేరే కుక్కల్ని ఎందుకు రానీయొద్దన్నారో కూడా అర్థమైంది. అవీ నాకుతాయి కదా.

వెంటనే కొండయ్యకు ఫోన్ చేసి నాలుగు మాటలు అన్నాను. అతను తాపీగా విన్నాడు.

"డిస్టెంపర్‌కి కుక్క జబ్బు పడటమేంటి సార్. ముప్పయ్యేళ్లుగా అందులోనే మునిగి తేలుతున్నా, నాకేం కాలా."

"నువ్వు నాకవు కదయ్యా."

"అయితే మీరు నాకి చూడండి సార్. ఏదన్నా అయితే చెప్పండి, నాది పూచీ."

ఆదివారం మధ్యాహ్నం నేను చేసింది ఆ పరీక్షే.

నా సంజాయిషీ అంతా ఫ్లోరెన్స్ గారు గుమ్మంలో నిలబడే విన్నారు. "కోట్లు" అన్న మాట దగ్గర ఆమె కనుబొమ్మలు దగ్గరయ్యాయి. గోడవైపు, నావైపు, మళ్లీ గోడవైపు చూశారు. వంటింట్లోంచి భువనేశ్వరి కూడా వచ్చింది.

"అంటే సార్, మీరు రెండుసార్లు వేయించింది గోడకా?"

"అవునండి."

"కుక్కకి?"

నేను మూతికి అంటిన పసుపు తుడుచుకున్నాను. భువనేశ్వరి నావైపు చూసిన చూపు గురించి ఏమీ అనను.

"డిస్టెంపరంటే జబ్బు పేరు సార్. వైరస్. గోడకి వేసే దానికీ దీనికీ పేరొక్కటే కలిసింది. నాదీ తప్పే, జబ్బని చెప్పలా" అన్నారామె. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

తర్వాత ఆమె చేసిన పని నాకు వింతగా తోచింది. చెప్పులు బయట విడిచి, "బాత్రూము చెప్పులు ఏమన్నా ఉంటే ఇవ్వండి, అవి ఇక ఈ ఇంటికే" అన్నారు. నా నీలంరంగు హవాయి చెప్పులు తొడుక్కున్నారు. చీరమీద ఒక పాత నైటీ వేసుకుని, చేతులకు గ్లౌజులు తొడిగి, అప్పుడు బాదుషా దగ్గర కూర్చున్నారు. వాడు వరండా మూలలో, వెలుతురు పడని చోట ముడుచుకుని ఉన్నాడు. వెలుతురు చూడలేకపోవడం కూడా ఈ జబ్బు లక్షణమేనట.

"పదిరోజుల కిందట ఒక పూట జ్వరం వచ్చి దానంతట అదే తగ్గిందా?"

"వచ్చిందక్కా. ఎండలో తిరిగాడనుకున్నాం" అంది భువనేశ్వరి.

"అదే మొదలు. ఒకసారి వచ్చి పోద్ది, మనం తగ్గిందనుకుంటాం. నాలుగు రోజులాగి మళ్లీ వచ్చుద్ది." వాణ్ణి మెల్లగా వెల్లకిలా తిప్పి పొట్ట కింద చిన్న చిన్న చీము పొక్కులు చూపించారు. పాదాల అడుగున మెత్తలు నొక్కి చూశారు. "ఇంకా గట్టిపడలా. కొన్నిటికి ముక్కూ పాదాలూ పెచ్చుకట్టి చెక్కలాగా అయిపోతాయి. వీధిలో పిల్లలతో ఆడుకున్నాడా?"

ఆడుకున్నాడు. చెత్తకుండీ దగ్గర పెరుగుతున్న నాలుగు పిల్లల్లో రెండు వారంగా కనబడటం లేదని భువనేశ్వరి అప్పుడే గుర్తు చేసుకుంది.

"మరి డిసెంబరులో మీరే టీకా వేశారు కదండీ?" అన్నాను, ఏదో ఒక గడ్డిపరక దొరుకుతుందేమోనని.

"అది పిచ్చికి సార్. దీనికి వేరే. పిల్లకి ఆరు, ఎనిమిది వారాలప్పుడు మొదలెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, నాలుగో నెల నిండేదాకా వేయించాలి. ఆనక ఏడాదికి డాక్టరుగారు చెప్పినట్టు. మీకు చీటీ కూడా ఇచ్చాను."

చీటీ నా దగ్గరే ఉంది. నంబరు ఉన్న వైపు మాత్రమే చదివాను.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, కంటి తడిని దూదిపుల్లతో తీసి కిట్టులో వేశారు. రెండు గీతలు వచ్చాయి. వైరస్‌ను చంపే మందు లేదనీ, దాంతోపాటు వచ్చే నిమ్ముకూ చీముకూ యాంటీబయాటిక్, వాంతులకు ఒకటి, నీరసానికి సెలైన్, విటమిన్లు, ఇవే వైద్యమనీ చెప్పారు. "మందు సగం. శుభ్రంగా, వెచ్చగా ఉంచి తినిపించడం సగం. అది ఫ్లోరెన్స్ చూపిస్తుంది" అన్నారు. అయిదారు నెలల పిల్ల, టీకా లేదు, సగానికి సగం పోతాయి అని కూడా అన్నారు. భువనేశ్వరి ఆ మాట వినలేదు. విన్నా వినలేదు.

మేము ఇల్లు చేరేసరికి కొండయ్య వరండాలో గోకుడుబిళ్లతో సిద్ధంగా ఉన్నాడు. నేను శనివారం అన్న నాలుగు మాటలకు మనసు నొచ్చుకుని, రంగంతా గీకేసి వేరేది వేస్తానని పొద్దున్నే వచ్చేశాడు. మమ్మల్ని చూడగానే పాపం బాదుషా తల నిమిరాడు.

"ఇంట్లో కుక్కుందా నీకు?" అని అడిగారు వెనకాలే వచ్చిన ఫ్లోరెన్స్ గారు.

"రెండున్నాయమ్మా."

"టీకాలు?"

"కుక్కలకా?"

ఆమె అతన్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి మోచేతుల దాకా సబ్బుతో కడిగించారు, చొక్కా విప్పించి కవరులో కట్టించారు. కొండయ్య నా పాత చొక్కా ఒకటి తొడుక్కుని, గోడ గీకకుండానే, "అయితే రంగుది తప్పు కాదంటారు" అని మూడుసార్లు నాచేత అనిపించుకుని వెళ్లాడు. బుధవారం అతని కుక్కలు రెండింటికీ ఆమె వెళ్లి టీకా వేయించి వచ్చారు.

ఆ మూడు వారాలూ ఫ్లోరెన్స్ గారు పొద్దున ఆసుపత్రికి పోయేముందు ఒకసారి, సాయంత్రం ఇంటికి పోయేముందు ఒకసారి వచ్చేవారు. ముంగాలికి సూది కట్టి సెలైన్ ఎక్కించడం ఆమె పని. గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి కళ్లూ ముక్కూ తుడవడం భువనేశ్వరి పని. వాడిన దూది కాల్చేయడం, వాడు పడుకున్న గుడ్డలు వేడినీళ్లలో వేయడం, నేలను బ్లీచింగ్ నీళ్లతో తుడవడం నా పని. ఈ వైరస్ మనుషులకు అంటదు, ఎండకూ సబ్బుకూ ఆగదు, కానీ కుక్క నుంచి కుక్కకు తుమ్ముతోనే పోతుంది అని ఆమె చెప్పాక, నేను సాంఘిక శాస్త్రం కన్నా బ్లీచింగ్ పౌడరు గురించే ఎక్కువ ఆలోచించాను.

సెలైన్ బొట్టుబొట్టుగా దిగుతున్నంతసేపూ ఆమె కబుర్లు చెప్పేవారు. ఆమె గురించి నాకు తెలిసిందంతా అలా సీసాల లెక్కన తెలిసిందే.

తండ్రి శాలేమురాజు గారు పశువుల ఆసుపత్రిలోనే అటెండరు. సర్వీసులో ఉండగా పోతే, ఇరవై రెండేళ్ల వయసులో ఆ ఉద్యోగం ఈమెకు ఇచ్చారు. మొదటి పోస్టింగు కర్లపాలెం. అప్పటిదాకా పశువంటే భయం. మొదటిరోజే ఒక గేదె కాలు తొక్కింది. కుడికాలి చిటికెనవేలికి అప్పటినుంచి గోరు లేదు. "అదేరోజు భయం కూడా పోయింది సార్. అంతకన్నా ఏం చేస్తుందిలే అని." తర్వాత రేపల్లెలో తొమ్మిదేళ్లు. అక్కడ ఒక డాక్టరుగారు బొప్పాయికాయ మీద సూది గుచ్చడం నేర్పారు. నరం దొరకబుచ్చుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు, మేకలే నేర్పాయి.

"మీకు ఫ్లోరెన్స్ అని ఎందుకు పెట్టారక్కా?" అని ఒకరోజు భువనేశ్వరి అడిగింది.

"నర్సు అవ్వాలని పాస్టరుగారు పెట్టారంట. అయ్యాను కదమ్మా, పేషెంట్లే మారారు. మా అమ్మాయి కరుణశ్రీ మటుకు మనుషుల నర్సే. దాని పేషెంట్లు కరవరు, తిడతారంతే."

అయిదో రోజుకీ బాదుషా తినలేదు. గంజి, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, దేనికీ నోరు తెరవలేదు. ఫ్లోరెన్స్ గారు మర్నాడు ఒక పొట్లం తెచ్చారు. విప్పగానే మా ఇల్లు ఒక్క క్షణం సూర్యలంక సముద్రపుటొడ్డు అయిపోయింది. నెత్తళ్లు, చిన్న ఎండుచేపలు.

"ముక్కు మూసుకుపోయింది. వాసన తెలీకపోతే కుక్క తినదు సార్, దానికి ముద్ద రుచి ముక్కులోనే ఉంది. మూడు నీళ్లు పోసి ఉప్పంతా పోయేదాకా కడిగి ఉడకబెట్టండి. ఆ నీళ్లు అన్నంలో కలిపి పెట్టండి."

ఉడుకుతుండగా పక్కింటి శేషగిరిరావు గారు ప్రహరీ మీదుగా తల పెట్టారు. ఆయన కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. చేపా మాంసం ముట్టరు, మాట మాత్రం తెల్లారినప్పటి నుంచీ ఆగదు. వీధంతా ఆయన్ని బాబాయ్‌గారు అంటుంది.

"మధుసూదనూ, మీ ఇంట్లో ఏదో చచ్చినట్టుందయ్యా."

"చావకుండా చూస్తున్నాం బాబాయ్‌గారూ" అన్నాను.

బాదుషా ముక్కు రెండుసార్లు కదిలింది. లేచి, తూలి, గిన్నె దాకా వచ్చి, మూడు ముద్దలు తిన్నాడు. భువనేశ్వరి ఫోన్లో వీడియో తీసి హాసినికి పంపబోయి, అప్పటిదాకా జబ్బు సంగతే దానికి చెప్పలేదని గుర్తొచ్చి ఆగిపోయింది.

ఇక తేరుకున్నట్టే అనుకున్నాం. కళ్లు శుభ్రపడ్డాయి, చీమిడి తగ్గింది. రెండు వారాలు దాటిన ఒక గురువారం మధ్యాహ్నం, బడిలో ఉండగా భువనేశ్వరి ఫోన్ చేసింది. "వెంటనే రండి" అని పెట్టేసింది. నేను పరుగున ఇంటికి వచ్చేసరికి బాదుషా వరండాలో పక్కకు పడి ఉన్నాడు. దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి, ఏదో నములుతున్నట్టు. నోట్లోంచి నురగ. కాళ్లు ఈదుతున్నట్టు కదులుతున్నాయి. ఒక నిమిషం కూడా పట్టలేదు. తర్వాత లేచి, మమ్మల్ని ఎప్పుడూ చూడనివాడిలా గోడల వెంట తిరిగాడు.

శేషగిరిరావు గారు ప్రహరీ అవతల నుంచి అంతా చూశారు. "పిచ్చి పట్టిందయ్యా దానికి. మున్సిపాలిటీకి ఫోన్ చెయ్యి. లేదంటే కర్ర ఉన్నవాణ్ణి ఎవణ్ణన్నా పిలువు" అని ఆయన వీధిలో ఇద్దరు ముగ్గుర్ని పోగేశారు కూడా.

ఫ్లోరెన్స్ గారు వచ్చి గేటు దగ్గరే వాళ్లను ఆపారు. "బాబాయ్‌గారూ, నురగొస్తే పిచ్చేనని చూపుతోనే చెప్పడం డాక్టర్లకి కూడా కుదరదు. వీడికి పిచ్చి టీకా పడింది, ఎవర్నీ కరవలా, వీణ్ణెవరూ కరవలా, టెస్టులో వేరే జబ్బని తేలింది. ఇది మెదడుకి ఎక్కింది. అయినా సరే, ఎవరూ నోట్లో చెయ్యి పెట్టొద్దు. దూరంగా ఉండండి, కర్రలు ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. గట్టిగా అనలేదు. కర్ర తెచ్చినాయన దాన్ని చేతికర్రలాగా ఊతం పట్టుకుని వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ మూర్ఛకు మందు రాశారు. ఫిట్లు మందుకు లొంగకపోతే బాధపెట్టకుండా నిద్రపుచ్చడం మంచిదనీ, నిర్ణయం మాదేననీ చెప్పారు. ఇంటికొచ్చాక భువనేశ్వరి అడిగింది.

"మీ కుక్కయితే ఏం చేసేవాళ్లక్కా?"

ఫ్లోరెన్స్ గారు నా నీలం చెప్పులు విప్పి బ్లీచింగ్ నీళ్ల బేసిన్‌లో పెట్టి, గట్టుమీద కూర్చున్నారు.

"పదిహేనేళ్లయింది. సూర్యలంకలో పల్లెకారుల వాడలో కుక్కలు పోతున్నాయని కబురొస్తే మందులిచ్చి నన్ను పంపారు. ఒక్కరోజులో ఇరవై ఇళ్లు తిరిగానమ్మా. జబ్బుదాన్ని పట్టుకున్నా, కొంగుకి చెయ్యి తుడుచుకుని పక్కింటికెళ్లి బాగున్నదానికీ బలానికని సూదేశా. మంచి పని చేస్తున్నాననే చేశా. పదిహేను రోజులకి మళ్లీ వెళితే బాగున్న ఇళ్లల్లో కూడా పడుకుని ఉన్నాయి. వాడ మొత్తానికి ఇరవై మూడుండేవి, ఆరు మిగిలాయి. సుబ్బాయమ్మని ఒక పెద్దావిడ, 'నువ్వు రాకముందు మాది బానే ఉందమ్మా' అంది. తిట్టలా. అంది, అంతే."

"మీవల్లనేనా?" అన్నాను.

"తెలీదు సార్. అవన్నీ ఇసకలో కలిసి దొర్లేవే, నేనెళ్లకపోయినా అంటుకునేవేమో. నా చేతులో, చెప్పులో, గాలో. తెలీదు. తెలీదు కాబట్టే ఏ ఇంటి చెప్పులు ఆ ఇంటికే." భువనేశ్వరి వైపు తిరిగి అన్నారు. "మూడు రోజులు చూద్దాం. ఫిట్టు రోజుకి ఒకటి దాటకూడదు. వాడంతట వాడు నీళ్లు తాగాలి. ఇది డాక్టరమ్మతో మాట్లాడే చెబుతున్నా. దాటిందనుకో, నేనే వచ్చి వాణ్ణి ఒళ్లో పెట్టుకుంటా, ఆవిడ సూదేస్తారు. నువ్వు లోపలుందువుగాని."

భువనేశ్వరి హాసిని పాత నోట్‌బుక్ ఒకటి తీసి వరండాలో పెట్టింది. శుక్రవారం ఒక ఫిట్టు. రాసింది. ఫిట్టు వచ్చినప్పుడల్లా తలకింద మెత్తగా ఒక తువ్వాలు వేయడం, అయ్యాక ఉతికి ఆరేయడం మాకు అలవాటయింది.

శనివారం పొద్దున తొమ్మిదికి ఒకటి వచ్చింది. రాసింది. మూడున్నరకు ఇంకొకటి వచ్చింది. భువనేశ్వరి తువ్వాలు ఉతికింది, దండెం మీద ఆరేసింది, నోట్‌బుక్ ముట్టుకోలేదు. నేను పేపరు చదువుతున్నాను. అందులో ఏముందో అడిగితే చెప్పలేను.

ఆ శనివారం ఫ్లోరెన్స్ గారు భట్టిప్రోలు వెళ్లలేదు. సాయంత్రం అయిదింటికి వచ్చి నోట్‌బుక్ చూశారు.

"ఒకటేనా అమ్మా?"

"ఒకటే అక్కా."

ఫ్లోరెన్స్ గారు పుస్తకం మూసి దండెం వైపు చూశారు. ఒక తువ్వాలు ఆరి గాలికి ఊగుతోంది. దాని పక్కన ఇంకొకటి, నీళ్లు కారుతోంది. నేను పేపరు తిప్పాను. అది తలకిందులుగా ఉందని అప్పుడు తెలిసింది.

"నీళ్లు తాగాడా?"

"రెండుసార్లు తాగాడు. ఇది నిజం" అంది భువనేశ్వరి.

"సరే" అన్నారామె. డాక్టరమ్మకు ఫోన్ చేసి గేటు దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడారు. తిరిగొచ్చి సాయంత్రం మందు కొంచెం పెంచమన్నారు. "డాక్టరమ్మకి రెండనే చెప్పా. రేపు కూడా రెండొస్తే మటుకు నాకు రెండనే చెప్పమ్మా. తువ్వాళ్లని అడగటం నాకిష్టం లేదు."

ఆదివారం ఆమె తెనాలిలోనే చర్చికి వెళ్లి, అటునుంచి అటే వచ్చి, పొద్దుగూకేదాకా మా వరండాలో కూర్చున్నారు. ఒక్కటీ రాలేదు. సోమవారం ఒకటి వచ్చింది, చిన్నది. ఆ తర్వాత వారానికి ఒకటి. ఏప్రిల్ వచ్చేసరికి అవీ లేవు. హాసినికి అప్పుడు అంతా చెప్పాం. రెండు రోజులు మాతో మాట్లాడలేదు, బాదుషాతో వీడియోకాల్ మాత్రం మాట్లాడింది.

వాడు పూర్తిగా పాతవాడు కాలేదు. కొత్తగా వచ్చిన పళ్ల మీద తుప్పు మచ్చలు పడ్డాయి. తల ఆగకుండా పైకీ కిందకీ చిన్నగా ఊగుతుంది, ఎవరో చెబుతున్నది ఒప్పుకుంటున్నట్టు. ఆ అదురు ఉండిపోవచ్చని డాక్టరమ్మ చెప్పారు. తిండికి గానీ పరుగుకు గానీ అది అడ్డు రాలేదు. భువనేశ్వరి ధరవరలు చెబితే ఇప్పుడు ఊకొట్టడమే కాదు, తల కూడా ఊపుతాడు.

ఏప్రిల్ చివరి ఆదివారం ఫ్లోరెన్స్ గారు మా వీధి కుక్కలన్నిటికీ టీకా వేయించే పని పెట్టుకున్నారు. చెత్తకుండీ దగ్గర మిగిలిన రెండు పిల్లలకు మొదటిది, కొండయ్య కుక్కలకు ఇంకో డోసు, మొత్తం పదకొండు. డాక్టరమ్మ వేస్తుంటే ఈమె పట్టుకున్నారు. నేను పేర్లు రాశాను. జబ్బు పేరు రాసే చోట "కుక్కల డిస్టెంపర్" అని విడమరచి రాశాను, చదివినవాళ్లు ఎవరూ గోడల మీద పడకుండా.

అంతా అయ్యాక ఆమె మా ప్రహరీ పక్కన చేతులు కడుక్కుంటుండగా శేషగిరిరావు గారు కుర్చీ లాక్కుని వచ్చారు. ఆమెకోసమే కాచుకుని ఉన్నారు.

"ఏమ్మా ఫ్లోరెన్సూ, నువ్వు బాగుచేసిన కుక్క ఏం చేస్తోందో తెలుసా? పొద్దున్నే పేపరు తీసుకుని నేనిక్కడ కూర్చుంటానా, అక్కడ కూర్చుని నావంకే చూస్తది. నేనేం మాట్లాడినా తల ఊపుద్ది. నిన్న మా కోడలి మీద నాలుగు మాటలన్నా, ఊపింది. అదే కోడలొచ్చి నామీద అంటే దానికీ ఊపింది. నవ్వులపాలైపోతున్నానమ్మా. దానికేదన్నా మందుంటే వెయ్యరాదూ?"

ఫ్లోరెన్స్ గారు కొంగుకు చెయ్యి తుడుచుకోబోయి, ఆగి, సంచిలోంచి తువ్వాలు తీసి తుడుచుకున్నారు.

"బతికుంది కాబట్టి ఊపుతోందండి, బాబాయ్‌గారూ."